బాడుగ పెంపు మాట ముందు ఎవరికి తెలియాలి?

అమెరికాలో ఉండేవాళ్ళ ఫోన్ తెల్లవారి అయిదున్నరకే వస్తుంది. డాలస్‌లో అప్పుడు రాత్రి ఏడు. వాళ్ళు ఆఫీసు నుంచి ఇల్లు చేరి, తిని, తీరిగ్గా ఊరి సంగతులు తలుచుకునే వేళ అది. మా ఇంట్లో ఇంకా పాలు కూడా కాగి ఉండవు.

"బాబాయ్, బాగున్నావా? మన ఇంటి అద్దె వచ్చే నెల నుంచి తొమ్మిది వేలు చెయ్యి. మార్కాపురంలో రేట్లు బాగా పెరిగాయంట కదా."

ఆరు వేల ఇల్లది. ఒక్క ఊపున తొమ్మిది. నేను "సరే నాయనా, చెప్తాలే" అని ఫోన్ పెట్టేశాను. ఆ "చెప్తాలే" ఎంత పని చేసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో 22 ఏళ్ళు గుమాస్తాగా చేశాను. దేశమంతా పిల్లలు మా ఊరి పలకల మీద అక్షరాలు దిద్దిన రోజుల్లో పద్దు రాయడానికి నాకు తీరిక ఉండేది కాదు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పద్దు పల్చబడింది, ఆ తర్వాత నా ఉద్యోగమూ పోయింది. అప్పట్లో మా వీధిలో ఒకాయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్తూ తాళాలు నా చేతిలో పెట్టి, "ఎవరన్నా మంచివాళ్ళొస్తే ఇవ్వు, నెలనెలా బాడుగ వసూలు చేసి పంపు" అన్నాడు. అలా ఒక ఇల్లు రెండయింది, రెండు పద్నాలుగయ్యాయి. మార్కాపురంలో 9, కంభంలో 2, గిద్దలూరులో 3. ఓనర్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉంటారు, ఇద్దరు అమెరికాలో. వచ్చిన బాడుగలో నూటికి అయిదు నాది. కొత్తవాళ్ళను చేరిస్తే ఓనరు సగం నెల బాడుగ ఇస్తాడు. హైదరాబాద్ ఓనరొకాయన తన ఫోన్‌లో నా పేరు పక్కన "ప్రాపర్టీ మేనేజర్" అని రాసుకున్నాడట. ఊళ్ళో మాత్రం నన్ను "ఇళ్ళు చూసే ఆయన" అంటారు.

బాడుగ అని ఎందుకంటున్నానో కోస్తా వాళ్ళకు చెప్పాలి. 1970లో ప్రకాశం జిల్లా పుట్టేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా మారింది గానీ నోట్లో మాట మారలేదు. అగ్రిమెంటు మీద "అద్దె" అని రాస్తాం, అరుగు మీద "బాడుగ" అని బేరమాడతాం.

మాకు ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళు మొదట గదులు లెక్కపెట్టరు. "బోరు ఎన్నడుగులు? ఎండాకాలం నీళ్ళుంటాయా?" అని అడుగుతారు. ఆ జవాబును బట్టే బాడుగ. బోరు ఎండిపోతే ట్యాంకరు డబ్బు ఎవరు కట్టాలన్నదే సగం తగాదాలకు మూలం. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు పేరు చెప్పి ఇళ్ళ బాడుగలు పెంచినవాళ్ళున్నారు. ఒక్కొక్కటీ 18.8 కిలోమీటర్ల పొడవున్న ఆ ప్రాజెక్టు నీటి సొరంగాల కబురు పేపర్లో పడితే చాలు, బెంగళూరు నుంచి నాకు ఫోనొస్తుంది. మార్కాపురం జిల్లా కేంద్రం అన్న మాట గట్టిగా వినబడిన ప్రతిసారీ అంతే. కొత్త ఆఫీసులొస్తాయి, ఉద్యోగులొస్తారు, ఇళ్ళు చాలవు అని ఓనర్ల లెక్క. ఆ లెక్క తప్పని నేననను. కాకపోతే, ఆ కబురు ఇంట్లో ఉన్నవాళ్ళకు ఏ దారిన చేరుతుందన్నది ఓనర్లెవరూ ఆలోచించరు. ఆలోచించాల్సిన నేనూ ఆలోచించలేదు.

ఇరవై రోజుల మొహమాటం

ఆ ఆరు వేల ఇంట్లో ఉన్నది ఒక ఆర్టీసీ కండక్టరు కుటుంబం. దిగి ఏడేళ్ళు. ఒక్క నెల కూడా 5వ తేదీ దాటనివ్వలేదు. అలాంటి మనిషికి మూడు వేలు పెంచుతున్నామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మొదటి రోజు మంగళవారం కదా అనుకున్నా. తర్వాత వాళ్ళ పిల్లవాడికి పదో తరగతి పరీక్షలు. పరీక్షలయ్యేసరికి ఉగాది. పండగ పూట ఏం చెప్తాం? అట్లా ఇరవై రోజులు గడిచాయి.

ఈలోపు ఓనరు బంధువొకాయన తర్లుపాడులో ఒక పెళ్ళిలో, "మావాడు ఇంటికి తొమ్మిది వేలు చేశాడు" అని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ పంక్తిలోనే కండక్టరు భార్య భోంచేస్తోంది.

ఆ సాయంత్రం అతను యూనిఫాం కూడా విప్పకుండా మా అరుగు దగ్గరికొచ్చాడు.

"ఏంది సారూ, మా బాడుగ తొమ్మిది వేలు చేసినారంట?"

"అది... నేనే వచ్చి చెప్దామనుకుంటున్నా."

"మీకు ఎన్నాళ్ళ కిందట తెలుసు?"

"ఇరవై రోజులైంది."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీ, మోటారు సంగతి ఆయనకు చెప్పినారా?" అన్నాడు.

నా తల వంగిపోయింది. రెండు ఎండాకాలాల కిందట బోరు మోటారు కాలిపోతే అతనే 4,200 పెట్టి వైండింగ్ చేయించాడు. బాడుగలో తగ్గించుకుంటానని అడిగితే "ఓనరుకు చెప్తాలే" అన్నాను. అదే "చెప్తాలే". ఓనరు మాట ఇంటికి చేరలేదు, ఇంటివాళ్ళ మాట ఓనరుకు చేరలేదు. రెండూ నా కడుపులోనే ఉండిపోయాయి. పైకి నేను మంచివాణ్ణి, ఇద్దరికీ అయినవాణ్ణి.

మర్నాడు తెల్లవారి ముగ్గురం ఒకే ఫోన్‌లో మాట్లాడుకున్నాం. మోటారు మాట వినగానే అవతల అబ్బాయి గొంతు మారిపోయింది. "కాలిందా? నాకెవరూ చెప్పలేదే! ఆయన డబ్బు ఆయనకు ఇచ్చెయ్ బాబాయ్." పది నిమిషాల్లో బేరం తెగింది. జూన్ నుంచి ఏడు వేలు, మోటారు డబ్బు మినహాయింపు. ఆ పది నిమిషాల మాటకు నేను రెండేళ్ళు అడ్డం కూర్చున్నానన్నమాట.

అయినా మే నెలాఖరుకు అతను ఇల్లు ఖాళీ చేశాడు. తాళాలిస్తూ అన్నాడు: "బాడుగ కట్టలేక పోవడం లేదు సారూ. పెళ్ళిలో ఎంగిలాకుల ముందు తెలిసింది మాకు. ఆ ఇంట్లో ఇంక మనసు నిలవడం లేదు."

ఆ తర్వాత ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంది. ఆషాఢం అడ్డం వచ్చింది. సున్నాలు వేయించి, కుళాయిలు మార్చడానికి 11,000 అయింది. శ్రావణంలో కొత్తవాళ్ళు 7,500కు దిగారు. ఓనరు బాగానే గిట్టిందనుకున్నాడు. నేను కాగితం మీద వేసి చూపించాను. ఏడు వేల చొప్పున రెండు నెలల ఖాళీకి 14,000. సున్నాలతో కలిపి 25,000. పాతాయన ఉండి ఉంటే వచ్చే ఏడు వేల కంటే ఇప్పుడు ఎక్కువ వస్తున్నది నెలకు 500. ఆ 25,000 తిరిగి రావాలంటే 50 నెలలు, అంటే నాలుగేళ్ళ పైన రెండు నెలలు.

ఇంకో లెక్క కూడా వేశాను, అది నాకే తగిలింది. ఏడేళ్ళ కిందట ఆరు వేలకు దిగినప్పుడే "ఏటా నూటికి అయిదు" అని రాసుకుని ఉంటే, మొదటి ఏడు పెరిగేది 300. ఆరు వేలు 6,300 అవుతుంది, తర్వాత 6,615, తర్వాత 6,946. ఏడో పెంపుకు 8,443. అంటే ఓనరు అడిగిన తొమ్మిది వేలు మరీ అన్యాయమేమీ కాదు. ఏడేళ్ళు అడక్కుండా ఊరుకుని ఒక్కరోజున అడగడం వల్ల అది అన్యాయంగా కనబడింది. ఏడాదికోసారి మూడొందల మాట ఎత్తడానికి మొహమాటపడి, చివరికి మూడు వేల మాట ఎత్తలేక కూర్చున్నది నేనే.

చట్టం ఏమంటుంది

ఆ దెబ్బతో ఊళ్ళో ఒక వకీలు గారి దగ్గర కూర్చుని నాలుగు సంగతులు తెలుసుకున్నాను. మన దగ్గర 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం చాలాకాలం నడిచింది. 2017లో రాష్ట్రం కొత్త అద్దె చట్టం తెచ్చుకుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. నమూనా అంటే రాష్ట్రాలు తమ చట్టంగా మలుచుకుంటేనే అమల్లోకొచ్చేది. కాబట్టి మీ ఇంటికి ఏ నిబంధన వర్తిస్తుందో స్థానిక వకీలునే అడగాలి. నాకు మాత్రం ఆ నమూనా చదువుతుంటే ఎవరో నా పద్నాలుగు ఇళ్ళూ తిరిగి చూసి రాసినట్టనిపించింది.

అందులో నాలాంటి మధ్యమనిషి పేరెత్తి పనులు చెప్పారు. రసీదు ఇచ్చి బాడుగ వసూలు చేయడం, ఓనరు తరఫున అవసరమైన రిపేర్లు చేయించడం, అప్పుడప్పుడు ఇల్లు చూసి రావడం, బాడుగ పెంపు గురించి, ఆలస్యం గురించి, ఖాళీ చేయడం గురించి నోటీసు ఇవ్వడం, తగాదాలొస్తే సర్దడం. ఇవి దాటి ఏం చేసినా ఓనరు చెబితేనే చేయాలి. అంతకంటే ముందు ఓనరు చేయాల్సిన పని ఒకటుంది. ఈ మనిషిని నేనే పెట్టాను, ఫలానా పనులకు, ఫలానా తేదీ దాకా అని బాడుగవాళ్ళకు తెలియజేయాలి. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్న నా దగ్గర అలాంటి కాగితం ఒక్కటి లేదు. పాపం, నా మొహం చూసే ఇన్నేళ్ళూ డబ్బు చేతిలో పెట్టారు.

పెంపు గురించి అది చెప్పేది ఇంతే. అగ్రిమెంటులో రాసుకున్నట్టు పెంచుకోవచ్చు. రాసుకోకపోతే, కొత్త బాడుగ మొదలయ్యే తేదీకి మూడు నెలల ముందే రాతపూర్వకంగా చెప్పాలి. ఇంటికైతే అడ్వాన్సు రెండు నెలల బాడుగ మించకూడదు. ఇల్లు చూడ్డానికి వెళ్ళాలంటే 24 గంటల ముందు చెప్పి, పొద్దున్న వెలుగొచ్చాక వెళ్ళాలి. ఓనరైనా, నాలాంటివాడైనా నీళ్ళు, కరెంటు ఆపకూడదు.

ఈ చివరిది మా వైపు ఉత్త అక్షరం కాదు. మోటారు స్విచ్చి ఓనరు పోర్షన్లోనో, తాళం వేసిన మెట్ల గదిలోనో ఉండే ఇళ్ళు చాలా ఉన్నాయి. పెంచిన బాడుగకు ఒప్పుకోని ఇంట్లో "మోటారు చెడిపోయింది" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో! నేను చూసే ఇళ్ళన్నిటికీ స్విచ్చి బాడుగవాళ్ళకు అందేట్టు మార్పించాను. మార్కాపురం ఎండలో నీళ్ళు ఆపడం మనిషి గొంతు పట్టుకోవడంతో సమానం.

మూడు నెలలు, ఒక మంచి మాసం

నమూనా చట్టం మూడు నెలలంది. మన పంచాంగం దానికి ఇంకోటి కలుపుతుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని చాలామంది ఇల్లు మారరు. ఆషాఢం ముందు రోజున పెంపు చెప్పి "ఇష్టమైతే ఉండు, లేకపోతే ఖాళీ చెయ్యి" అంటే, ఎటూ కదల్లేని మనిషిని మూలకు తోసినట్టే. అందుకని నేను చెప్పిన రోజుకూ కొత్త బాడుగ మొదలయ్యే రోజుకూ మధ్య కనీసం ఒక మంచి మాసం పడేట్టు చూస్తాను. పిల్లలున్న ఇళ్ళకైతే సంక్రాంతి పోయాక, ఫిబ్రవరిలో చెప్తాను. జూన్ నుంచి కొత్త బాడుగ. ఇష్టం లేనివాళ్ళు పరీక్షలయ్యాక వేసవిలో బడితో పాటు ఇల్లూ మార్చుకుంటారు. గిద్దలూరులో బ్యాంకు, అటవీ శాఖ ఉద్యోగులుండే ఇళ్ళకు బదిలీల కాలం కూడా చూసుకుంటాను.

చెప్పడానికి నేనే వెళ్తాను. వాట్సాప్‌లో పంపి ఊరుకోను. ముందు కూర్చుని చెప్తాను, వాళ్ళ మాట వింటాను. అప్పుడు ఓనరు సంతకంతో ఉన్న కాగితం ఇస్తాను. అదే కాగితాన్ని ఫొటో తీసి, ఓనరు, బాడుగవాళ్ళు, నేను ఉన్న గ్రూపులో పెడతాను. ఆ గ్రూపు లెక్క కోసం, పోట్లాటకు కాదు. రాత్రి తొమ్మిది దాటాక అందులో ఎవరూ రాయకూడదని షరతు. డాలస్ అబ్బాయి ఒక్కడే అప్పుడప్పుడు మర్చిపోతాడు.

కాగితంలో ఉండేది నాలుగు ముక్కలే:

"అమ్మా, మీరు ఉంటున్న ఇంటి బాడుగ ప్రస్తుతం నెలకు 7,500 రూపాయలు. జూన్ 1 నుంచి 7,875 రూపాయలు అవుతుంది. అగ్రిమెంటులో రాసుకున్న 5 శాతం పెంపు ఇది. ఇంటికి చేయించాల్సిన పనులేమైనా ఉంటే ఈ నెలాఖరులోగా చెప్పండి. ఇష్టం లేకపోతే ఆ సంగతి ఏప్రిల్ నెలాఖరుకు తెలియజేయండి. ఇల్లు చూసే ఆయన ఈ కాగితం నా తరఫున ఇస్తున్నారు."

"పనులేమైనా ఉంటే చెప్పండి" అన్న వాక్యం ఓనర్లకు నచ్చదు. "మనమే ఖర్చు నెత్తి మీద వేసుకోవడమేంది?" అంటారు. నా అనుభవంలో ఆ వాక్యం లేని కాగితమే ఖర్చు తెస్తుంది. ఒక చుక్క కారే ట్యాంకును చెప్పుకోలేక కడుపులో పెట్టుకున్నవాళ్ళకు మూడొందల పెంపు కూడా ముల్లులా గుచ్చుకుంటుంది.

దూరాన ఉన్న ఓనర్లకు రెండు మాటలు. ఏడాది దాటని అగ్రిమెంటుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని ఊరంతా 11 నెలల కాగితం రాస్తారు. మళ్ళీ రాసే ఆ పదకొండో నెలే పెంపు మాట్లాడుకోవడానికి సహజమైన సమయం. నాలాంటివాడు మీ బదులు సంతకం చేయాలంటే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అమెరికాలో ఉంటే భారత కాన్సులేట్‌లో చేయించి పంపి, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. ఇంకోటి చాలామందికి తెలియదు. ఓనరు పన్ను లెక్కల్లో ఎన్నారై అయితే, అద్దె చిన్నదైనా సరే, కట్టేవాళ్ళే అందులో పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. సెస్సుతో కలిపి 31.2 శాతం. ఈ సంగతి బాడుగవాళ్ళకు ముందే చెప్పి, ఆడిటరును చూపించే బాధ్యత ఓనరుదే.

ఐర్లండులో ఒక మధ్యమనిషి

మా వకీలు గారు ఒక కథ చెప్పారు. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతంలో లార్డ్ ఎర్న్ అనే జమీందారు భూములను ఒక ఏజెంటు చూసేవాడు. పంటలు పోయి రైతులు కౌలులో నూటికి 25 తగ్గించమన్నారు. జమీందారు 10 అన్నాడు. ఏజెంటు వెళ్ళగొట్టే నోటీసులు పంపించాడు. ఊరు ఊరంతా అతనితో మాట మానేసింది. అంగళ్ళలో సరుకు ఇవ్వలేదు, పొలంలో కూలికి రాలేదు, ఉత్తరం తెచ్చే మనిషి రాలేదు. చివరికి బయటి నుంచి 50 మందిని తెచ్చి, సైన్యం కాపలాతో పంట కోయించుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే అతను ఐర్లండు వదిలిపోయాడు. ఆ ఏజెంటు పేరు కెప్టెన్ బాయ్‌కాట్. మన ఊళ్ళలో గోడల మీద కూడా కనబడే ఆ మాట ఇళ్ళూ భూములూ చూసే ఒక మనిషి ఇంటిపేరు!

విని నవ్వాను గానీ, ఇంటికొచ్చాక గుబులు పుట్టింది. ఆ జమీందారును ఊరు వెలేయలేదు, ఆయన అక్కడ లేడు. ఎదురుగా కనబడే మనిషిని వెలేసింది. మార్కాపురంలో కూరగాయల మార్కెట్లో నన్ను చూసి ఆ కండక్టరు భార్య ముఖం తిప్పుకుంటుంది. డాలస్ అబ్బాయికి ఆ ముఖం ఎప్పటికీ కనబడదు.

ఫ్యాక్టరీలో నా పుస్తకంలో రెండు వరసలుండేవి, ఎడమన జమ, కుడిన ఖర్చు. ఇప్పుడు ఇళ్ళకొక పుస్తకం పెట్టాను. ఎడమన "వచ్చిన మాట" అని, తేదీతో. కుడిన "చేర్చిన మాట" అని, తేదీతో. ఓనరు చెప్పినా, బాడుగవాళ్ళు చెప్పినా ఎడమనే రాస్తాను. కుడి వరసలో ఖాళీ మూడు రోజులు దాటకూడదని నియమం పెట్టుకున్నాను.

ఇవాళ పొద్దున అయిదున్నరకు మళ్ళీ ఫోనొచ్చింది, అదే అబ్బాయి. "బాబాయ్, పైన ఇంకో పోర్షన్ వేద్దామనుకుంటున్నా. కిందవాళ్ళకు ఆరు నెలలు ఇసుక, సిమెంటు గోల తప్పదు. ఏమంటారో?" అని అడిగాడు. పెళ్ళిలో తెలిసే లోపల అడుగుతున్నాడు, అది చాలు. ఎడమన రాశాను. కుడి వైపు ఖాళీగా ఉంది. ఇంకా ఎండ ఎక్కలేదు, చెప్పులేసుకుని బయల్దేరుతున్నాను.